మూడో తరగతిలోనే రండి

(ఒక మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో, తల్లిదండ్రులు, టీచర్ల సమావేశంలో ప్రత్యేక ఉపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అమ్మలు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని వెంట తెచ్చినవాళ్ళు కాసేపు గ్రౌండ్‌లో ఆడుకోనివ్వండి. వాళ్ళ చదువు గురించి వాళ్ళ ముందే పదిమందిలో మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

నేను పద్నాలుగేళ్ళుగా చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వెనకబడిన పిల్లలతో పనిచేస్తున్నాను. ఏటా సంక్రాంతి సెలవులు అయ్యాయంటే నా ఫోను ఆగదు. "మేడమ్, మా వాడు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, రాయమంటే రాయలేడు. రాసిపెట్టడానికి మనిషిని ఇప్పించండి." ఆ పిల్లాడి పేరు నేను వినడం అదే మొదటిసారి. సర్టిఫికెట్టు ఉండదు. రిపోర్టు ఉండదు. ఏ డాక్టరుకూ చూపించి ఉండరు. రెండు నెలల్లో నేనేం చేయగలను? ఒక్కోసారి ఏమీ చేయలేకపోయాను. మూడో తరగతిలో రావలసినవాళ్ళు పదో తరగతిలో వస్తున్నారు. ఆ ఏడేళ్ళూ వాడు ఎలా గడిపాడో తలుచుకుంటే నాకు అన్నం సయించదు. మీ పిల్లల్ని ఆ ఏడేళ్ళ నుంచి తప్పించమని అడగడానికే ఈ రోజు వచ్చాను.

ఒక బాబు సంగతి చెప్తాను. ఊరు, పేరు వద్దు. నాలుగో తరగతి, ప్రైవేటు స్కూలు. వాళ్ళమ్మ మిషన్ కుడుతుంది. ఒకరోజు వాణ్ణి, వాడి బ్యాగును, రెండింటినీ మోసుకుని వచ్చినంత అలసటగా వచ్చింది. తెలుగు నోట్సు తీసి చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "ఇంత చక్కగా రాస్తాడు మేడమ్, పరీక్షలో మాత్రం సున్నా. కావాలనే చేస్తున్నాడంటున్నారు టీచర్లు" అంది.

వాచకం ఇచ్చి, "ఈ పాఠం చదువు నాన్నా" అన్నాను. గడగడా చదివాడు. ఒక్క తప్పు లేదు. వాళ్ళమ్మ నా వంక చూసింది, చూశారా అన్నట్టు. వాడు చదువుతుండగానే నేను మెల్లగా పేజీ తిప్పేశాను. వాడు ఆగలేదు. వేలు కొత్త పేజీ మీద కదులుతోంది, నోటి నుంచి పాత పేజీ వస్తోంది. పాఠం మొత్తం విని విని బట్టీ పట్టాడు. నాలుగేళ్ళుగా ఏ పాఠమైనా వాడు "చదివింది" అలాగే.

తరువాత డిక్టేషన్ ఇచ్చాను. "మా అమ్మ చెట్టు కింద కూర్చుంది" అని చెప్తే, "మా అమ చెటు కిద కుచుది" అని రాశాడు. రాసి, వాళ్ళమ్మ కళ్ళలోకి చూశాడు, ఏమంటుందోనని. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నాలుగు మాటలు బోర్డు మీద రాసి చూసి రాయమన్నాను. ఒక్క మాట రాయడానికి ఏడుసార్లు తలెత్తాడు. అంటే వాడు రాయడం లేదు, ఒక్కో అక్షరాన్ని ముగ్గు వేసినట్టు చూసి వేస్తున్నాడు. అందుకే నోట్సు అంత అందంగా ఉంది.

"అయితే మా వాడికి బుర్ర లేదా మేడమ్?" అని అడిగింది ఆమె. లేకపోతే పాఠమంతా ఎలా గుర్తు పెట్టుకుంటాడమ్మా అన్నాను. ఆమె ఏడ్చేసింది. క్రితం రాత్రి హోంవర్కు దగ్గర వాణ్ణి గరిటతో కొట్టిందట.

ఆమెను తప్పు పట్టే అర్హత నాకు లేదు. నేను ఈ శిక్షణ తీసుకోకముందు మామూలు టీచరుగా పనిచేశాను. ఒక పిల్లాడి నోటుబుక్కు నిండా ఎర్ర ఇంకుతో "అశ్రద్ధ", "అశ్రద్ధ" అని రాశాను. ఏడాదంతా అదే మాట. వాడు ఏడో తరగతి తరువాత బడి మానేశాడు. వాడు శ్రద్ధగానే ఉన్నాడనీ, మిగతా పిల్లలకంటే రెండింతలు కష్టపడ్డాడనీ నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఇక్కడ ఉన్న టీచర్లకు చేతులు జోడించి చెప్తున్నాను, ఆ మాట రాసే ముందు ఒక్కసారి పేజీ తిప్పి చూడండి.

దీన్ని డాక్టర్లు ప్రత్యేక అభ్యసన వైకల్యం అంటారు. చదవడంలో వస్తే డిస్లెక్సియా, రాయడంలో వస్తే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో వస్తే డిస్‌కాల్క్యులియా. తెలివి మామూలుగానే ఉంటుంది, కొందరిలో ఎక్కువగానే ఉంటుంది. శబ్దాన్ని అక్షరంతో కలిపే పని మాత్రం మెదడులో తేలిగ్గా జరగదు. పుట్టుకతో వచ్చేది. చాలాసార్లు ఇంటి వంశంలోనే ఉంటుంది. "వాళ్ళ మేనమామ కూడా ఇంతేనండీ, చదువు అబ్బలేదు" అని నానమ్మలు అంటుంటారు చూడండి, వాళ్ళు తమకు తెలియకుండానే సగం రోగనిర్ధారణ చెప్పేస్తున్నారు. దీనికి మాత్ర లేదు, టానిక్ లేదు. సరస్వతి ఆకు, జ్ఞాపకశక్తి పొడులు, అబాకస్ క్లాసులు వీటి మీద డబ్బు తగలెయ్యకండి. మారాల్సింది నేర్పే పద్ధతి.

మన తెలుగులో ఇది ఎలా కనిపిస్తుందో కొంచెం చెప్పాలి. ఎందుకంటే పుస్తకాల్లో ఇచ్చే గుర్తులన్నీ ఇంగ్లీషు అక్షరాల గురించే ఉంటాయి, 'బి'కి బదులు 'డి' రాస్తాడని. మన పిల్లలు తడబడేది వేరే చోట. వత్తులు ఎగిరిపోతాయి, అమ్మ అమ అవుతుంది. సున్నా మాయమవుతుంది. గుణింతంలో దీర్ఘం ఎక్కడ పెట్టాలో తెలియదు, 'కి'కీ 'కీ'కీ తేడా రాదు. ప, ఫ, ష ఒకలాగే కనిపిస్తాయి. మ, య తారుమారవుతాయి. 'క్ష', 'ష్ట' లాంటివి వస్తే ఆ మాటనే దాటేస్తాడు. ఇంకొకటి, మన తెలుగు రాసినట్టే పలుకుతాం కాబట్టి కొందరు పిల్లలు కిందామీదా పడి తప్పుల్లేకుండానే చదివేస్తారు, కానీ ఒక పేరా చదవడానికి పది నిమిషాలు పడుతుంది. తప్పు లేదు కదా అని మనం వదిలేస్తాం. చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివాడో వాడికి గుర్తుండదు.

ఇంగ్లీషు మీడియం పిల్లల విషయంలో మరీ కష్టం. "ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు, అందుకే వెనకబడ్డాడు" అని సర్దిచెప్పుకుంటారు. ఒక్కోసారి నిజమే కావచ్చు. తేల్చుకోవడానికి ఇంట్లో మాట్లాడే భాషలో చూడండి. తెలుగులో కథ చెప్తే అర్థమవుతోందా, తెలుగు అక్షరాలు కూడా పట్టుబడటం లేదా? రెండు భాషల్లోనూ అదే తడబాటు ఉంటే ఇక ఆలోచించకండి, పరీక్ష చేయించండి.

సరే, ఎక్కడికి వెళ్ళాలి? అందరూ నేరుగా సదరం క్యాంపు, అంటే వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే క్యాంపు గురించి అడుగుతారు. అది ఆఖరు మెట్టు.

మొదట కళ్ళు, చెవులు చూపించండి. రెండేళ్ళు ట్యూషన్లు పెట్టి, చివరికి కళ్ళద్దాలతో సరిపోయిన పిల్లలు ఉన్నారు. తరువాత పిల్లల డాక్టరు. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అని, పిల్లల ఇబ్బందుల్ని తొందరగా గుర్తించి సాయం చేసే ఒక విభాగం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టారు, 18 ఏళ్ళలోపు పిల్లల్ని ఉచితంగా చూస్తారు. మండలంలో సమగ్ర శిక్ష వాళ్ళు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయుల్ని ముందుగా కలవండి, దారి చెప్తారు. హైదరాబాద్ దగ్గరవాళ్ళకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ.

అసలు పరీక్ష చేసేది క్లినికల్ సైకాలజిస్టు. ముందు తెలివితేటల పరీక్ష, తరువాత చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షల కట్ట ఒకటుంది, మన దేశంలో సర్టిఫికెట్టుకు దాన్ని వాడమని ప్రభుత్వం 2018లో చెప్పింది. ఒక్క పూటలో అయ్యేది కాదు, రెండు మూడుసార్లు రమ్మంటారు. ప్రైవేటుగా చేయిస్తే ఆ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. రిపోర్టు మీద ఆ నంబరు ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి, వేలు పోసి చేయించిన రిపోర్టు ఆ నంబరు లేక చెల్లని సందర్భాలు నేను చూశాను. ఏ భాషలో పరీక్ష చేశారో రాయమనండి. స్కూలు ఏం చేయాలో కూడా రాయమనండి. పేరు పెట్టి వదిలేస్తే ఆ రిపోర్టు బీరువాలో పడి ఉంటుంది.

వెళ్ళేటప్పుడు మంచి నోట్సు తీసుకెళ్ళకండి. ఫెయిరు నోట్సు ఎవరికీ అక్కర్లేదు. రఫ్ నోట్సు, డిక్టేషన్ పుస్తకం, స్లిప్ టెస్టు పేపర్లు, మూడేళ్ళ ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్ళండి. పిల్లాడికి ముందే చెప్పండి: "నీకు చదవడం ఎందుకు కష్టమవుతోందో ఒక మేడమ్ కనుక్కుంటారు, ఇంజక్షన్ ఉండదు, పాస్ ఫెయిల్ ఉండదు." చెప్పకుండా తీసుకెళ్తే సగంమంది పిల్లలు భయంతో తెలిసినవి కూడా చెప్పరు.

ఇప్పుడు స్కూలు సంగతి. ఇక్కడే మన తల్లిదండ్రులు ఎక్కువ దెబ్బతింటున్నారు. గేటు దగ్గర టీచరుకు చెప్తారు, "కొంచెం చూడండి మేడమ్" అని. ఆమె "అలాగేనమ్మా" అంటుంది. ఆ టీచరు వచ్చే ఏడాది ఉండదు. మళ్ళీ మొదటికొస్తుంది. నోటిమాటకు ఆధారం ఉండదండీ. కాగితం మీద పెట్టండి. పెద్ద ఇంగ్లీషు అవసరం లేదు. "మా అబ్బాయి మీ స్కూల్లో ఫలానా తరగతి. చదవడంలో, రాయడంలో వయసుకు తగ్గట్టు రావడం లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం పరిశీలించి, అవసరమైన సాయం చేయగలరు" అని తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, తేదీ వేసి, హెడ్మాస్టరుకు ఇవ్వండి. రెండో కాపీ మీద స్కూలు ముద్ర, సంతకం వేయించుకోండి. దాన్ని రేషన్ కార్డు పెట్టుకున్న చోట భద్రంగా పెట్టుకోండి.

ఆ చట్టం సంగతి కొంచెం తెలుసుకోండి. పాత చట్టం 1995 నాటిది, అందులో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, మన పిల్లల పేరు లేదు. 2016 చట్టంలో 21 రకాలు చేర్చారు, అందులో ఇదొకటి. 16వ సెక్షన్‌లో సూటిగా రాసి ఉంది, అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల్ని వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన ఏర్పాట్లు చేయాలని. అది ప్రభుత్వ బడికే కాదు, గుర్తింపు ఉన్న ప్రతి ప్రైవేటు స్కూలుకూ వర్తిస్తుంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడో తరగతిలోగా లేదా ఎనిమిదేళ్ళలోగా, ఏది ముందైతే అప్పుడు, టీచర్లే పిల్లల్ని పరిశీలించాలని ఉంది. నేను మూడో తరగతి అంటున్నది అందుకే. టీచర్ల కోసం ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2022లో ప్రశస్త్ అని ఒక యాప్ కూడా తెచ్చారు. ప్రశ్నలకు సమాధానాలు పెడుతూ పోతే ఏ పిల్లాణ్ణి పరీక్షకు పంపాలో తెలుస్తుంది.

"టీసీ తీసుకుని వేరే స్కూల్లో చేర్చుకోండి" అని కొందరు యాజమాన్యాలు అంటాయి. తీసుకోవలసిన పని లేదు. వైకల్యం పేరుతో పిల్లాణ్ణి బయటికి పంపడం వివక్ష. ఎంఈఓకు, డీఈఓకు రాయండి. అక్కడా కాకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. నేను చెప్పిన ఆ నాలుగో తరగతి బాబు అప్పటికే మూడు స్కూళ్ళు మారాడు. ప్రతి స్కూల్లోనూ కార్డు మీద "ఇంకా కృషి అవసరం" అని రాసి పంపారు.

సర్టిఫికెట్టు వచ్చేదాకా స్కూలు ఏమీ చేయలేదని అనుకోకండి. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి ఏ సర్టిఫికెట్టు కావాలి? నిలబెట్టి అందరి ముందు గట్టిగా చదివించకుండా ఉండటానికి ఎవరి పర్మిషన్ కావాలి? బోర్డు మీదిది మొత్తం ఎక్కించుకోమనకుండా పక్క పిల్లాడి నోట్సు జిరాక్స్ తీసి ఇవ్వొచ్చు. పది లెక్కలకు బదులు నాలుగు చేయమనొచ్చు. స్లిప్ టెస్టులో నోటితో అడిగి మార్కులు వేయొచ్చు. సోషల్ పేపరులో జవాబు సరిగ్గా ఉండి వత్తులు తప్పితే మార్కులు కోయకుండా ఉండొచ్చు. నాకు తెలిసిన ఒక లెక్కల మాస్టారు ఎక్కాల చార్టు ఒకటి అట్ట మీద అంటించి ఒక పాప డెస్కు మీద పెట్టారు. ఆ పాప ఎక్కాలు గుర్తు రాక లెక్క మొదలే పెట్టేది కాదు. చార్టు పెట్టాక రెండు నెలల్లో భాగహారాలు చేసేసింది. ఆయన చేసింది అంతే.

కొట్టడం, "మొద్దు" అని పదిమందిలో అనడం మాత్రం ఆపాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో దెబ్బలూ మానసిక వేధింపులూ రెండూ నిషిద్ధమే.

సర్టిఫికెట్టు అవసరం వచ్చేది పబ్లిక్ పరీక్షల దగ్గర. 2018 మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్ళు నిండాకే ఇవ్వాలని, 14 ఏళ్ళకు ఒకసారి, 18 ఏళ్ళకు ఒకసారి మళ్ళీ చూడాలని ఉండేది. 2024లో వాటి చోట కొత్తవి వచ్చాయి, ఇప్పుడు ఎలా ఉందో ముందే కనుక్కోండి. మన దగ్గర సర్టిఫికెట్టు క్యాంపుకు ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. బుక్ చేసేముందే అడగండి, ఆ క్యాంపులో అభ్యసన వైకల్యాన్ని చూసే సైకాలజిస్టు ఉంటారా, ఏ ఆసుపత్రిలో చూస్తారు అని. కాళ్ళూ చేతులూ చూసే డాక్టరు దగ్గర రోజంతా లైన్లో నిలబడి తిరిగొచ్చిన తల్లులు నాకు తెలుసు. సర్టిఫికెట్టు వస్తే రాసిపెట్టే మనిషిని అడగొచ్చు. అదనపు సమయం అడగొచ్చు. కేంద్రం చెప్పిన లెక్క గంటకు 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. రెండో, మూడో భాష నుంచి మినహాయింపు కూడా చట్టంలోనే ఉంది. సీబీఎస్ఈలోనూ ఇవన్నీ ఉన్నాయి. ఏ బోర్డైనా దరఖాస్తు స్కూలు ద్వారానే వెళ్ళాలి. అందుకే తొమ్మిదో తరగతిలో పని మొదలుపెట్టాలి, జనవరిలో నాకు ఫోన్ చేస్తే కాదు.

భాష మినహాయింపు దగ్గర ఒక్క జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్‌లో అలా మినహాయింపు తీసుకున్న దివ్యాంగ విద్యార్థులకు మెమోలో మార్కుల బదులు మినహాయింపు అని గుర్తు వచ్చింది. 2024లో ఐఐటీ సీట్ల దగ్గర అది అడ్డం పడింది. ప్రభుత్వం ఆ సబ్జెక్టుకు 35 మార్కులు వేస్తూ జీవో ఇస్తే గాని సీట్లు దక్కలేదు. కాబట్టి మినహాయింపు తీసుకునేముందు పిల్లలు ముందు ముందు ఏం చదవాలనుకుంటున్నారో కూర్చుని మాట్లాడండి. కొందరికి అదనపు సమయంతో ఆ భాష గట్టెక్కుతుంది.

ఆడపిల్లల తల్లులు నా దగ్గరకు వచ్చి మెల్లగా అడుగుతారు, "సర్టిఫికెట్టు తీసుకుంటే రేపు సంబంధాలు వచ్చేటప్పుడు ఇబ్బంది కదా మేడమ్?" అని. ఆ భయం నాకు అర్థమవుతుంది. సర్టిఫికెట్టు మీ బీరువాలో ఉంటుంది, మీరు చూపిస్తేనే ఎవరైనా చూస్తారు. అది లేకపోతే పదో తరగతి ఫెయిల్ అన్నది ఊరంతటికీ తెలుస్తుంది. తమిళనాడులో, మహారాష్ట్రలో తల్లిదండ్రులు ముప్ఫై ఏళ్ళ కిందటే దీని గురించి బయటికి వచ్చి మాట్లాడారు, వాళ్ళ పిల్లలకు రాయితీలు మనకంటే ముందు దక్కాయి. మనం సిగ్గుపడి వెనకబడ్డాం.

ఇంట్లో ఏం చేయాలి అని అడుగుతారు. ఇది మనకు కొత్త కాదు. అక్షరాభ్యాసం రోజు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దిస్తాం. వీధిబడిలో ఇసుకలో దిద్దించేవారు. మా శిక్షణలో నేర్పేదీ అదే, కంటితో చూస్తూ, వేలితో తాకుతూ, నోటితో శబ్దం అంటూ ఒకేసారి నేర్పాలని. మనం ఒక్కరోజు వేడుకగా చేసి వదిలేసిందాన్ని ఈ పిల్లలకు రెండేళ్ళు చేయాలి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. వారానికి రెండు మూడు అక్షరాలు. వత్తు నేర్పేటప్పుడు 'అమ్మ' అని చప్పట్లు కొట్టి 'మ్'ను ఒత్తి పలికించండి, చెవికి తెలిశాకే చేతికి ఇవ్వండి. పాఠాలు మీరు చదివి వినిపించండి. చదవడం రాకపోయినా తెలుసుకోవడం ఆగకూడదు. రాత్రి తొమ్మిది దాటాక హోంవర్కు పెట్టుకోకండి, ఆ వేళకు మీకూ ఓపిక ఉండదు, వాడికీ ఉండదు.

ఆ బాబు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మూడేళ్ళు పట్టింది నిదానంగా చదవడానికి. ఇప్పటికీ వేగం లేదు. డిక్టేషన్‌లో వత్తులు ఇప్పటికీ అప్పుడప్పుడు పోతాయి. పోయిన ఉగాదికి వాళ్ళమ్మ పచ్చడి గిన్నె తెచ్చింది, దాని మీద ఒక చీటీ. "మా అమ్మ చేసింది టీచర్, కారం ఎక్కువ" అని వాడే రాశాడు. 'అమ్మ' కింద వత్తు ఉంది.

హెడ్మాస్టరు గారు పక్క గది ఇచ్చారు. నేను నాలుగు గంటల దాకా అక్కడే ఉంటాను. రఫ్ నోట్సు తెచ్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రండి. తేనివాళ్ళు సోమవారం భవిత కేంద్రానికి తీసుకురండి. తెల్ల కాగితాలు టేబుల్ మీద పెట్టాను, ఉత్తరం ఇక్కడే రాసేసి హెడ్మాస్టరు గారికి ఇచ్చి ముద్ర వేయించుకుని వెళ్ళండి. రాయడం ఇబ్బందైన అమ్మలు నాకు చెప్పండి, నేను రాసిపెడతాను.